జిగురు విడుచు విధము : ఒక పాత ఆట క్యాసెట్టును గూర్చి



గడచిన వర్షకాలమున ఒకనాటి సాయంకాలము, బడి విడిచిన పిమ్మట, తొమ్మిదవ తరగతి బాలుడొకడు చేతిరుమాలులో చుట్టిన వస్తువు నొకదానిని తెచ్చి నా బల్లపై నుంచెను. విప్పి చూడగా అది అరచేయంత వెడల్పుగల బూడిదరంగు ప్లాస్టిక్కు పెట్టె. ముఖమున సగము చినిగిన బొమ్మల చీటీ. ఆ చీటీమీదుగా పసుపువన్నెకు తిరిగిన అంటుపట్టీ ముక్క. వీపున నల్లని జిగురుమరక. ఆ మరకకు రుమాలులోని నూలుపోగులు సైతము అంటుకొని వచ్చినవి.

"ఇది మా నాన్నగారి ఆట క్యాసెట్టండి. డిసెంబరులో నాన్నగారు కువైట్ నుంచి వస్తున్నారండి. ఈలోగా దీన్ని బాగుచెయ్యాలండి. ఈ జిగురు పోతుందాండి, మాస్టారూ?" అని యడిగెను.

పోవునని వెంటనే చెప్పలేకపోతిని. ఎందుచేతనో ఈ వ్యాసమందు ముందు ముందు తెలియగలదు.

ఇప్పటి బాలురలో అనేకులు ఇట్టి క్యాసెట్టును చూచి యుండరు. 1983లో జపానునందు నింటెండో సంస్థవారు టెలివిజనుకు తగిలించి ఆడుకొను ఆటపెట్టె నొకదానిని అమ్మకమునకు తెచ్చిరి. దానిని పోలిన పెట్టెలు 1990ల నాటికి మన దేశమునకును వచ్చెను. సమురాయ్ అను పేరుతో అమ్మబడినది అట్టిదే. ఒక్కొక్క ఆట ఒక్కొక్క ప్లాస్టిక్కు పెట్టెలో నుండెడిది. మనవారు దానిని క్యాసెట్టనిరి గాని, పాటల క్యాసెట్టులోవలె దానిలో తిరుగు పట్టీ ఏదియు లేదు. లోపల చిన్న పలక, దానిపై ఆట యంతయు దాచియుంచిన చిప్పు, క్రిందియంచున వరుసగా లోహపు పళ్లు - ఇంతియే. ఆ పళ్లు ఆటపెట్టెలోని పళ్లను తాకినచో బొమ్మ వచ్చును, తాకనిచో రాదు.

బాలుడు నాయొద్దకు వచ్చుటకు ముందే తన వైద్యము తాను చేసియుండెను. గడ్డము గీసికొను బ్లేడుతో గోకినాడు. జిగురు పోలేదు సరికదా, ప్లాస్టిక్కుపై మూడు పొడవాటి గీతలు పడినవి. తరువాత తడిగుడ్డతో రుద్దినాడు. నీటివలన ముఖముననున్న చీటీ ఒక మూల లేచిపోయినది. అక్కడితో భయపడి ఆగెను. ఆగుటయే వాడు చేసిన మంచిపని.

కోనసీమలో పుట్టినవానికి జిగురును గూర్చి పాఠము చెప్పుట నిజమునకు అనవసరము. పనసచెట్టు లేని ఊరు మన సీమలో లేదు. పనసపొట్టు కూర లేనిదే మనవారికి విందు విందు కాదు. లేత పనసకాయను పొట్టుగా కొట్టువారు పని యారంభించుటకు ముందు చేతులకును కత్తికిని నూనె పూసికొందురు. ఆ సంగతి మరచి కోసిన కుర్రవాని చేతిని చూచితిరా? నీళ్లతో ఎంత కడిగినను బంక వదలదు. కడిగినకొలది వ్రేళ్లు ఒకదానికొకటి అంటుకొనును. అప్పుడు ఇంటిలోని మామ్మ నూనెగిన్నె తెచ్చి, మందలించుచునే, నాలుగు చుక్కలు చేతిలో పోసి రాచును. రెండు నిమిషములలో బంక మెత్తపడి ఉండలు కట్టి ఊడివచ్చును. పిదప సబ్బు రాచి కడిగినచో చేయి శుభ్రమగును. ముందు నూనె, పిమ్మట సబ్బు, కడపట నీరు. ఈ క్రమము మామ్మకు ఏ కళాశాలలోను నేర్పలేదు.

నీరు చేయలేని పనిని నూనె ఎట్లు చేసినది? రసాయనశాస్త్రమున దీనికి ఒక సూత్రము గలదు: ఒక వస్తువు తన జాతి ద్రవములోనే కరగును. తుమ్మబంకను నీటిలో వేయుడు, ఒక రాత్రిలో కరగిపోవును. నూనెలో వేసినచో రాయివలె పడియుండును. గాలిపటమునకు మీరు అంటించు అన్నపుమెతుకులును, పుస్తకములు కుట్టువారు పురుగు పట్టకుండ మైలుతుత్తము కలిపి కాచు మైదాగంజియు తుమ్మబంక జాతివే. ఇవి నీటికి లొంగును. కంసాలి వాడు లక్క వేరొక జాతి. అది నీటికిని లొంగదు, నూనెకును లొంగదు, వేడికి మెత్తబడును, స్పిరిటులో కరగును. అందుచేతనే బల్లలకు మెరుగుపెట్టువారు లక్కను స్పిరిటులో కలిపి పూయుదురు. పనసపాలు మూడవ జాతి. వానిలో రబ్బరు వంటి పదార్థమును, చెట్లబంకలలో నుండు జిడ్డుపదార్థములును గలవు. ఇవి నూనెకు చుట్టములు.

బజారులో అమ్ము అంటుచీటీల జిగురు చాలవరకు ఈ మూడవ జాతికి చేరినదే. రబ్బరుపాలతో సమస్త విధములైన పనులు చేయవచ్చునని మానవులు చాలకాలము క్రితమే గ్రహించిరి గాని, గట్టిపడిన రబ్బరును మరల కరగించుటయే కష్టమయ్యెను. 1823లో స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున చార్లెస్ మాకింటాష్ అను రసాయనజ్ఞుడు బొగ్గుతారునుండి తీసిన నాఫ్తా అను తైలములో రబ్బరును కరగించి, రెండు గుడ్డల నడుమ పూసి, వాన తడుపని వస్త్రమును చేసెను. నేటికిని ఆంగ్లేయులు వానకోటును ఆయన పేరనే పిలుచుచున్నారు. వంద సంవత్సరముల తరువాత, 1925లో, అమెరికాలో రిచర్డ్ డ్రూ అను యువకుడు మోటారుకార్లకు రంగులు వేయువారి యిబ్బందిని చూచి, అంటించి మరల ఊడదీయదగిన కాగితపుపట్టీని కనుగొనెను. అతడే 1930లో పారదర్శకమైన పట్టీని కూడ తెచ్చెను. మనము పుస్తకములు చినిగినప్పుడు అంటించునది దాని సంతతియే. 1935లో స్టాంటన్ ఏవరీ అను మరియొక అమెరికను తడి చేయనక్కరలేని అంటుచీటీలను తయారుచేయసాగెను. నేడు మన అట్టపుస్తకములపై పేరు వ్రాసికొను చీటీలును, బజారులో సరకులపై వెల తెలుపు చీటీలును ఆ వంశమువే. ఇప్పుడు రబ్బరునకు మారుగా కర్మాగారములలో చేసిన ఆక్రిలిక్ జిగురును కూడ విరివిగా వాడుచున్నారు. అది రబ్బరుజిగురంత త్వరగా నూనెకు లొంగదు. ఓర్పు ఎక్కువ కావలెను.

క్రొత్తగా అంటించిన చీటీని లాగినచో శుభ్రముగా ఊడివచ్చును గదా, పాతది ఎందుకు రాదు? జిగురు చూచుటకు గట్టిగా నున్నను, మిక్కిలి చిక్కని ద్రవము వంటిది. సంవత్సరములు గడచినకొలది అది మెల్లమెల్లగా ప్రాకి, ప్లాస్టిక్కు మీది కంటికి కనబడని గుంటలలోనికి దిగును. మన సీమలోని ఉక్కయు, వేడియు దీనికి తోడగును. గాలిలోని ప్రాణవాయువు తగిలి జిగురు తన స్వభావమునే మార్చుకొనును. కొంత కారును, కొంత ఎండి పెచ్చుగట్టును. అప్పుడు చీటీని లాగినచో కాగితము చినిగి వచ్చును, జిగురు నిలిచిపోవును. పిదప బీరువాలోని దుమ్మంతయు దానికే పట్టి నల్లబడును.

ఇక రెండవ ప్రశ్న. జిగురు దేనిలో కరగునో తెలిసికొనుట సగము పని మాత్రమే. దాని క్రింద నున్నది దేనిలో కరగునో కూడ తెలిసికొనవలెను. నేను ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న దినములలో ఈ రెండవ ప్రశ్న వేసికొనక ఒక అపరాధము చేసితిని. నా గదిలో నాతో నుండిన మిత్రునికి వాని తల్లి కొనియిచ్చిన చిన్న రేడియో యుండెను. దాని ముఖముపై వెలచీటీ జిగురు మిగిలియున్నది. మిత్రునికి సంతోషము కలిగింపవలెనని, గోళ్లరంగు తుడుచు ద్రవమును దూదితో అద్ది, బలముగా రుద్దితిని. జిగురు క్షణములో మాయమయ్యెను. దానితో కూడ ప్లాస్టిక్కు మెరుగును మాయమై, దూదిపోగులు మెత్తబడిన ఆ ముఖములో దిగబడి, ఆరిన తరువాత తెల్లని మచ్చగా నిలిచిపోయినవి. మిత్రుడు ఒక్క మాటయు అనలేదు. ఆ రేడియోను ముఖము గోడవైపు త్రిప్పి పెట్టుకొని వినెడివాడు. దానిని తలచుకొన్నప్పుడెల్ల నాకు నేటికిని సిగ్గగుచున్నది.

ఆ ద్రవములో అసిటోను ఉండును. ఆట క్యాసెట్లు, అనేకములైన రేడియోపెట్టెలు, పిల్లలు పేర్చుకొను లెగో ఇటుకలు మొదలగునవి ఎ.బి.ఎస్. అను ప్లాస్టిక్కుతో చేయబడును. అసిటోనునందు ఎ.బి.ఎస్. కరగును. పెట్రోలును, రంగులు పలుచన చేయు థిన్నరును ఇట్టివే. ప్లాస్టిక్కునకు హాని చేయును, పైగా నిప్పు అంటుకొను ప్రమాదము గలవి. కావున ఇవి మూడును మన ప్రయోగమునుండి బహిష్కృతములు.

మరునాడు అమలాపురము బజారులో టీవీలు బాగుచేయు దుకాణమునకు పోయి, పనికిరాని ఆట క్యాసెట్టు డొల్ల నొకదానిని అడిగి తెచ్చితిని. తరగతిలో దానిపై మూడు వెలచీటీలు అంటించి, పది దినములు కిటికీయొద్ద ఎండలో నుంచితిమి. పది దినములు ముప్పది సంవత్సరములకు సాటిరావు గాని, పరీక్షకు అంతకన్న మార్గము లేకపోయెను. మొదటి చీటీని ఊరక లాగగా సగము చినిగెను. రెండవదానిపై వేడినీళ్ల సీసాను పలుచని పొడిగుడ్డలో చుట్టి రెండు నిమిషములు ఆనించి, మూలనుండి మెల్లగా, పైకి గాక వెనుకకు మడచినట్లు లాగగా దాదాపు మొత్తము వచ్చెను. మూడవదానికి ముందుగా కాగితమును గోటితో తీసివేసి, మిగిలిన జిగురుపై కొబ్బరినూనె పూసితిమి. పది నిమిషములు వేచి దూదితో తుడువగా జిగురు పెరుగుమీగడవలె మడతపడి వచ్చెను. బాలికలలో ఒకతె, "మాస్టారూ, అచ్చం పనసబంకేనండీ!" అనెను. నేను రెండు వారములుగా చెప్పుచున్న పాఠమును ఆమె మూడు మాటలలో చెప్పివేసెను.

అటుపిమ్మట బాలుని క్యాసెట్టును చేతికి తీసికొంటిమి.

వీపు సంగతి తేలికయే. అది వట్టి ప్లాస్టిక్కు. మొదట పొడిచేతి బొటనవ్రేలితో జిగురును ఒకే దిక్కునకు నెట్టుచు ఉండలు చుట్టితిమి. జిగురుకు జిగురు అంటుకొని దుమ్ముతోసహా నాలుగవవంతు ఇట్లే వచ్చెను. తరువాత క్యాసెట్టు నోటిని, అనగా లోహపుపళ్లుండు అంచును, పొడిగుడ్డతో మూసి రబ్బరుబ్యాండు వేసితిమి. నూనె లోపలికి పోకూడదు. కొబ్బరినూనెను క్యాసెట్టుపై పోయక, దూదికి అద్ది జిగురుమీద మాత్రమే పూసి, పావుగంట ఆగితిమి. రాత్రియంతయు నుంచినచో ఇంకను బాగుగా వచ్చునని ఒకడు సలహా చెప్పెను గాని ఒప్పుకొనలేదు; ప్లాస్టిక్కును నూనెలో నానవేయుట మంచిది కాదు, అతుకులగుండ నూనె లోనికి ప్రాకవచ్చును. పావుగంటకొకమారు చొప్పున మూడుమార్లు పూసి తుడిచితిమి. మొండిగా మిగిలిన చిన్న పెచ్చును పాత ఏటీఎం కార్డు అంచుతో నెట్టితిమి, బ్లేడు ముట్టలేదు. కడపట సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో జిడ్డు తీసి, పొడిగుడ్డతో తుడిచితిమి. బ్లేడు గీతలు మాత్రము అట్లే యున్నవి. వానికి మందు లేదు.

నూనెకు లొంగని జిగురు తగిలినచో, మందులషాపులో దొరకు నీలగిరితైలము మరికొంత బలమైనది. అయితే అది కొన్ని ప్లాస్టిక్కులను పాడుచేయును గనుక ముందుగా కనబడని మూలలో ఒక్క చుక్కతో పరీక్షింపవలెను. అన్నట్లు, డిసెంబరు, జనవరి మాసములలో తెల్లవారుజామున మన కొబ్బరినూనె సీసాలో పేరుకొనును. ఇంచుమించు 24 డిగ్రీలకు దిగువ అది గడ్డకట్టు స్వభావము కలది. నూనె చెడిపోయినదని పారబోయవద్దు.

ముఖమునకు వచ్చినప్పుడు మా పని ఆగిపోయెను. పసుపువన్నెకు తిరిగిన ఆ పట్టీ క్రింద నేమున్నదని దీపమునకు ఏటవాలుగా పట్టి చూచితిని. చీటీపై నీలిసిరాతో, వంకరటింకర అక్షరములతో ఒక పేరు వ్రాసియున్నది. బాలుని పిలిచి చూపితిని. వాడు చాలసేపు చూచి, "ఇది నాన్నగారిని చిన్నప్పుడు పిలిచే పేరండి. నానమ్మ ఒక్కతే ఇప్పుడలా పిలుస్తుంది" అనెను. ఇంటికి పోయి నానమ్మ నడుగగా, అద్దెకిచ్చిన క్యాసెట్లు తారుమారు కాకుండ తండ్రియే పన్నెండేండ్ల వయసున పేరు వ్రాసి, చెరిగిపోకుండ పైన పట్టీ అంటించెనని తెలిసినది. బాలుడు మురికియని తీసివేయబోయినది తండ్రి కాపాడుకొన్నది.

ఇప్పుడు ఆలోచింపుడు. నూనె వేసినచో కాగితము పీల్చుకొని, ఎన్నటికిని పోని మరకయగును. స్పిరిటు వేసినచో జిగురుకన్న ముందుగా బాల్‌పెన్ను సిరా కరగి పారును. నీరు వేసినచో చీటీ లేచును; ఒక మూల అప్పటికే లేచినది. వేడి పెట్టి లాగినచో పట్టీతోపాటు కాగితపు పైపొరయు, దానిమీది అక్షరములును ఊడివచ్చును. మేము నేర్చిన ఉపాయములన్నియు ఈ రెండంగుళముల చోటున పనికిరానివైనవి. పెద్ద గ్రంథాలయములలో పాతపత్రములను బాగుచేయు నిపుణులు ఇట్టి పట్టీలను ఎన్నో పరీక్షలు చేసిన పిమ్మట గాని ముట్టరు. మేము నిపుణులము కాము. కాబట్టి పట్టీ అంచులనుండి కారి మురికి పట్టిన జిగురును మాత్రము పొడిచేతితో ఉండచుట్టి తీసితిమి. మిగిలిన కొద్ది అంటుపై చిటికెడు టాల్కంపౌడరు చల్లి మెత్తని కుంచెతో దులిపితిమి. పౌడరు పట్టిన జిగురు మరి దేనికిని అంటుకొనదు. లేచిన మూలను చిక్కని మైదాగంజితో, నీరు ఎక్కువ కాకుండ, అంటించితిమి. పేరును, పట్టీని అట్లే విడిచితిమి. కొందరు విద్యార్థులకు ఇది నచ్చలేదు. ఒక ప్రక్క అద్దమువలె మెరయుచుండగా రెండవ ప్రక్క పసుపుపచ్చగా నుండుట వారికి అసంపూర్ణముగా తోచెను. క్యాసెట్టు ఎవరిదో వానినే తీర్పు చెప్పుమంటిని. "అలాగే ఉంచేద్దామండి" అనెను.

లోహపుపళ్ల విషయము క్లుప్తముగా చెప్పెదను. వానికి నూనె తగులరాదు. మందులషాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాలు అడిగి, పుల్లకు చుట్టిన దూదితో అద్ది, పళ్ల పొడవున ఒకే దిక్కుగా తుడువవలెను. దూది నల్లబడుట మానువరకు దూది మార్చుచు తుడువవలెను. పూర్తిగా ఆరిన తరువాతనే ఆటపెట్టెలో పెట్టవలెను. కిటికీలు తెరచి, దీపమునకును పొయ్యికిని దూరముగా, పెద్దల యెదుట చేయవలసిన పని యిది. పెన్సిలు రబ్బరుతో రుద్దుట కొందరి అలవాటు. అది పళ్లపై నుండు పలుచని లోహపుపూతను అరగదీయును. బొమ్మ రానప్పుడు నోటితో ఊదుట అందరి అలవాటు. ఊదినందువలన బాగైనదని తలచిరి గాని, నిజమునకు క్యాసెట్టును తీసి మరల పెట్టుటవలన పళ్లు సరిగా తాకినవి, అంతే. మన ఊపిరిలోని తడి లోహమునకు చిలుము పట్టించును.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇంటిలో కిరసనాయిలు ఉన్నచో జిగురు తీయుటకు పిల్లలు దానిని వెదకెదరు. జిగురు పోవును గాని, వాసనయు, అగ్నిభయమును గలది. చిన్నబిడ్డలు నీళ్లనుకొని త్రాగిన ప్రమాదములు కలవు. గరిటెడు కొబ్బరినూనె ఇచ్చి పంపుడు.

డిసెంబరు మూడవ వారమున ఆ తండ్రి వచ్చెను. నానమ్మ ట్రంకుపెట్టెలో గుడ్డలనడుమ దాచియుంచిన ఆటపెట్టెను తీసిరట. క్రిస్మసు సెలవుల తరువాత బాలుడు బడికి వచ్చి నాతో చెప్పిన సంగతి యిది. తండ్రి క్యాసెట్టును చేత పట్టుకొని, వీపును చూడలేదు, మెరుగును చూడలేదు. ముఖమును త్రిప్పి పట్టీక్రింది అక్షరములను బొటనవ్రేలితో తడవి చూచెను. పిమ్మట ఆటపెట్టెలో పెట్టబోవుచు, చిన్ననాటి అలవాటు చొప్పున, క్యాసెట్టును నోటియొద్దకు తీసికొని పోయెను.

"ఊదకూడదండి, నాన్నగారూ!" అని వీడు చేయి అడ్డము పెట్టెను.